పసుపు పూసిన ఫోను

మొన్న ఆదివారం వీధిలో పాత సామాన్లు కొనే కబాడీవాడి కేక వినగానే మా అమ్మాయి అలమరలోని పనికిరాని సామానంతా ఏరి గుమ్మం దగ్గర పోగు పెట్టింది. ఆ పోగులో, అంచుల్లో ఇంకా పసుపు పట్టి ఉన్న నా పాత ఫోను కనిపించేసరికి వంటింట్లోంచి గబగబా వెళ్లి దాన్ని తీసి కొంగున చుట్టుకున్నాను. పాడైపోయిన ఫోను ఎందుకమ్మా అని అది నవ్వింది. దానికి చెప్పినా అర్థం కాదు గాని, నా ఈడువాళ్లు మీరైతే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అప్పట్లో మేము డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు, తరువాత మా ఆయనా అక్కడే పనిచేశారు, కాబట్టి నా బతుకులో చాలా భాగం ఆ వర్క్‌షాపు సైరను వినిపించే మేరలోనే గడిచింది. బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ; తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ పోరు పడలేక నాన్న కూర్చోబెట్టి నేర్పినవి. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉండేది. కొత్త కాపురానికి ఈ ఊరు వచ్చినప్పుడు హిందీలో ఉప్పు అడగడం రాక, ఖాళీ డబ్బా కొట్టువాడికి చూపించి, నాలుక బయటపెట్టి సైగ చేసి తెచ్చుకున్న సంగతి ఆమె చెబుతుంటే కడుపు చెక్కలయ్యేది. ఇవన్నీ ఎక్కడైనా రాసి ఉంచాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

పాత నోట్లు చెల్లకుండా పోయిన మరుసటి ఏడు, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి ఇంటర్నెట్టులో ఒక బ్లాగుల చోటు చూపించింది. అక్కడ మనం రాస్తే, నచ్చినవాళ్లు ఓటు వేస్తారట, ఆ ఓట్లకు మన ఖాతాలో నాణేలు పడతాయట, కావాలంటే వాటిని రూపాయల్లోకి మార్చుకోవచ్చట. చేతికి అందని నాణేలు, ఏ బ్యాంకులోనూ ఉండవు, ఏ సర్కారూ అచ్చు వేయదు. చీటీపాట నడిపేవాడికైనా ఒక ఇల్లూ ముఖమూ ఉంటాయి, దీనికి అదీ లేదని మా ఆయన ఎగతాళి చేశారు. నాకూ నమ్మకం లేదు గాని, రాసుకోవడానికి చోటు దొరికింది చాలనుకుని చేరి, మొదట ఆ ఉప్పు డబ్బా సంగతే రాశాను.

మర్నాడు పొద్దున చూస్తే నా ఖాతాలో నాణేలు పడి ఉన్నాయి. దక్షిణాఫ్రికా నుంచి ఒకావిడ, తనకు తెలుగు చదవడం రాదనీ, కంప్యూటరు చేత అనువాదం చేయించుకుని చదివాననీ, చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తన ముత్తవ్వ కూడా ఇలాగే సైగలతో సరుకులు కొనేదనీ రాసింది. మా వరండాలో అమ్మ చెప్పిన మాట ఎవరూ మోయకుండానే సముద్రం దాటి ఇంకొక ఇంటి అవ్వను పలకరించి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలలేక అలాగే నిలబడిపోయాను.

అప్పటికే అమ్మకు చెవులు మందగించాయి. తన కథలు తనకే వినిపించాలంటే కేకలు వేయవలసి వచ్చేది. చెవి మిషను కొంటామని మా ఆయన ఎన్నిసార్లు అన్నా, అల్లుడి డబ్బుతో కొన్నది చెవిన పెట్టుకోనని పట్టుబట్టేది, కూతురి కష్టార్జితమైతే అది వేరే మాట అనేది. అందుకని మిషను ఈ నాణేలతోనే కొనాలని మనసులో గట్టిగా అనుకున్నాను. వారానికి రెండు మూడు రాస్తూ పోగా, మిషనుకు సరిపడేంత చేరింది. అది రూపాయల్లోకి మార్చుకుంటానని చెబితే అమ్మ ఆపింది.

"తొలి సంపాదన ముందు దేవుడికి సూపించాల గదే. ఇశ్వకర్మ పూజ కానీ, తరవాతే నీ కర్చు."

విశ్వకర్మ పూజ మా కాలనీకి అన్నిటికంటే పెద్ద పండుగ. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకూ తెరిచేవారు. ఏడాదంతా పనిచేసిన పనిముట్లను కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, పూలు వేసి దండం పెట్టేవారు, ఆ పూట వాటితో ఎవరూ పని చేయరు. నాన్న ఉన్నప్పుడు తన పానాలు కొన్ని ఇంటికి తెస్తే వాటిని కడిగి పసుపు పూసే పని ఏటా అమ్మదే.

ఆ పొద్దున నేను పూలకోసం బజారుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి, కూతురి పనిముట్టు ఇదే కదా అనుకుని, అమ్మ నా ఫోనును బేసిన్ నీళ్లలో ముంచి, నాన్న పానాలను కడిగినంత శ్రద్ధగా కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు ఇత్తడి పళ్లెంలో ఉంచి చేతులు జోడించి నిలబడి ఉంది. ఆ ముఖంలో వెలుగు చూసి, తెచ్చిన పూలు నేనూ ఆ పళ్లెంలోనే పెట్టాను.

ఆ ఖాతాలో రాయాలన్నా, నాణేలు తీయాలన్నా ఇంత పొడుగు తాళంలాంటి అక్షరాల వరస ఒకటి కావాలి, అది పోతే మళ్లీ ఇచ్చే నాథుడు లోకంలో లేడు. ఎవరి కంటా పడనీయవద్దన్నారని, కాగితం మీద కూడా ఎక్కించకుండా దాన్ని ఫొటో తీసి ఆ ఫోనులోనే దాచాను. రిపేరు కొట్టువాడు విప్పి చూసి, "పానీ అందర్ తక్ చలా గయా, దీదీ" అని, నీళ్లు లోపలిదాకా పోయాయి, ఇక అందులోంచి ఏదీ రాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అమ్మ చెవి దగ్గర అరిచి అరిచి జరిగింది చెప్పాను, మిషను ఇక రాదని చెబుతూ ఏడ్చాను. ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది.

"దేవుడి కాడెట్టింది మల్లీ తీస్తామేటే? ఉండనీ. మిషనెందుకు, నువ్వు గట్టిగా సదువు, నానింటాను."

అలాగే కొత్త ఖాతా తెరిచి మళ్లీ రాయడం మొదలుపెట్టాను, రాసింది వరండాలో గొంతెత్తి చదివేదాన్ని. పక్క క్వార్టరు ఒడియా ఆవిడ తెలుగు రాకపోయినా బియ్యం ఏరుకుంటూ వినేది. ఎగతాళి చేసిన మా ఆయన కూడా డ్యూటీ నుంచి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కునేవారు. రెండో ఖాతాలో మిషనుకు సరిపడేంత చేరకముందే అమ్మ వెళ్లిపోయింది.

ఇప్పుడు మేము ఇదే ఊళ్లో టాటీబంధ్ దగ్గర ఫ్లాటులో ఉంటున్నాం, సైరను బదులు లారీల హారన్లు వింటున్నాం. మొన్న ఆ పాత ఫోనును దేవుడి పళ్లెం పక్కన పెట్టి, కొత్త ఫోనులో నా మొదటి ఖాతా పేజీ తెరిచాను. చూడటానికి తాళం అక్కర్లేదు, లోకంలో ఎవరైనా చూడవచ్చు; అందులోంచి మాత్రం ఎవరూ ఏదీ తీయలేరు, నేనైనా సరే. అమ్మ దేవుడికి చూపించిన నాణేలు అలాగే ఉన్నాయి. చేతిలోని నోటు చెల్లకుండా పోవడం చూసినదాన్ని, చేతికందనిది ఇలా చెక్కుచెదరకుండా ఉండటం చూస్తే ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. ఉప్పు డబ్బా సంగతి కూడా రాసింది రాసినట్టే ఉంది. ఈ ఇంట్లో గోడలు పలచన, గట్టిగా చదవవలసిన అవసరమూ ఇక లేదు. అయినా మొదటి వాక్యం నా నోటివెంట గట్టిగానే వచ్చింది.