ఇరవై మూడో ఏటి హేరోదు

చంద్రగిరి దగ్గరి ఆ పల్లెలో క్రిస్మస్ నాటకానికి ఇరవై రెండేళ్లుగా హేరోదు రాజు సుకుమారే. ఎత్తు మనిషి, పెద్ద గొంతు, మీసం సొంతం. పసిబిడ్డలను చంపించే రాజూ ఆయనే, శుభశుక్రవారం నాటకంలో ఆ రాజు కొడుకూ ఆయనే. ఇద్దరికీ ఒకటే కిరీటం, తిరుపతిలో బాడుగకు తెచ్చేది. యూదుల రాజు తలమీద గండభేరుండం ఉన్నా ఎవరూ పట్టించుకోరు.

పగలు ఆయన తిరుచానూరులో ఒక లాడ్జికి మేనేజరు. ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని ఓనరు ఫోను చేస్తే, అప్పుడే తడిబట్టలు ఆరేసుకున్న యాత్రికులను గది గదికీ పోయి లేపి, ఖాళీ చేయించాలి. "తొందరగా కానీండప్పా, పైవాళ్లకు నేను జవాబు చెప్పుకోవాల" అంటాడు. అరవడు. రోజూ అదే మాట అని అని గొంతులో పదును పోయింది.

నిరుడు నాటకం చూసినప్పటి నుంచి, కూతురు స్టెల్లా బిడ్డ తాత దగ్గరికి రావడం మానేసింది. నాలుగేళ్లది. అన్నం ముద్ద పెట్టబోయినా తల్లి వెనక నక్కుతుంది. అందుకే ఈసారి వేషం వద్దని సుకుమార్ పాస్టరును అడిగాడు. ఈ ఒక్క ఏడూ కానిమ్మని, జనం పెదవి విరిస్తే వచ్చే ఏడు ఆటో నడిపే గిరికి ఇస్తానని ఆయన మాటిచ్చాడు. వేషం చెడగొడతానని ఇంట్లో చెబితే భార్య కృపారాణి నవ్వింది.

"ఇరవై రెండేండ్లు బిడ్డల్ని సంపినావు. సెడగొట్టేది నీకు యాడ చేతనవుతాది?"

చెడగొట్టాలనే స్టేజీ ఎక్కాడు. తొడ చరచలేదు, వికటంగా నవ్వలేదు. కొత్తగా పుట్టిన రాజును వెదకబోయిన జ్ఞానులు తిరిగి రాకుండా వేరే దారిన వెళ్లిపోయారని భటుడు వచ్చి చెప్పగానే హేరోదు లేచి కత్తి దూసి గర్జించాలి. రోము చక్రవర్తి కూర్చోబెట్టిన రాజు. ఇంకో రాజు పుట్టాడంటే ఆ కుర్చీ ఉండదు. సుకుమార్ మోకాళ్ల నొప్పితో లేవనేలేదు. తల ఎత్తకుండా, బేత్లెహేములో రెండేళ్లలోపు మగబిడ్డ మిగలకూడదన్నాడు. భటుడు గర్జన కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాడు.

"తొందరగా కానీండప్పా. రోముకు నేను జవాబు చెప్పుకోవాల."

పందిట్లో ఒక్కరూ దగ్గలేదు. ముందు వరసలో తాయమ్మ మనవడిని కొంగులోకి లాక్కుంది.

తెర పడ్డాక గిరి వచ్చి చేతులెత్తేశాడు. "నాకొద్దు లేన్నా. నేను అరిస్తే జనం నవ్వతారు ఇంక." పాస్టరు అప్పటికే మైకులో వచ్చే ఏడూ సుకుమారే అని చెప్పేశాడు.

సుకుమార్ కిరీటాన్ని అట్టపెట్టెలో పెట్టి స్టెల్లా కోసం చూశాడు. బిడ్డ తల్లి భుజంలో మొహం దాచుకుని ఉంది.

"నువ్వు ముందు పో నాయనా. మేము ఎనక వస్తాం" అంది స్టెల్లా.

పొద్దున ఆరింటికి డ్యూటీ. తువ్వాలుతో మొహం మీది రంగు తుడుచుకుంటూ ఆయన ముందు నడిచాడు.