దుమ్మనుకున్న చుక్కలు

1997 చలికాలానికి అమ్మణ్ణి ఉత్తరాదిన ఒక ఉక్కు కర్మాగారపు ఊళ్లో, బిష్టుపూర్ బజారులోని ఒక కలర్ ల్యాబులో చేరి ఏడాది దాటింది. అంతకు కొన్ని నెలల ముందే ఆమె భర్త ఆదిబాబు కాంట్రాక్టు పనిలో ఎత్తు మీద నుంచి పడి చనిపోయాడు. వాళ్లు కాపురముండే బారిడీహ్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి ఏడ్చారు గాని ఆమెకు ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు. ఆమె చేసుకున్నదేమీ లేదు. చాలాసేపు మఠం వేసుక్కూర్చుంటే కాలికెక్కే తిమ్మిరి లాంటిది లోపల ఉండిపోయింది, అంతే.

ల్యాబులో ఆమె పని మచ్చలు చెరపడం. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింటులో తెల్లచుక్క వస్తుంది. సన్నని కుంచెతో రంగు అద్ది దాన్ని మాయం చేయాలి. పెళ్లికూతుళ్లయినా, పసిపిల్లలయినా, శవం చుట్టూ కూర్చున్న బంధువులయినా ఆమెకు ఒకటే. మొహాలు చూసేది కాదు.

ఒకరోజు యజమాని నారాయణమూర్తి, ఎవరో ఇచ్చిన స్లైడు నుంచి నెగటివ్ తీసి వేసిన పెద్ద ప్రింటొకటి ఆమె బల్ల మీద పెట్టాడు. స్కూలు ఎగ్జిబిషన్‌కట, సాయంత్రానికి కావాలన్నాడు. నల్లటి కాగితం మీద రంగురంగుల మరకలు, వాటి మధ్య లెక్కలేనన్ని తెల్లచుక్కలు. అంత దుమ్ము ఆమె ఎప్పుడూ చూడలేదు. తిండి మానేసి ఒక్కొక్కటే నల్లరంగుతో కప్పేసింది.

సాయంత్రం సైన్సు టీచరు పద్మకుమారి వచ్చి, తను ఇచ్చిన స్లైడునూ ప్రింటునూ మార్చి మార్చి చూసి, చుక్కలేమయ్యాయని అడిగింది.

"దుమ్మనుకున్నానమ్మా. సెరిపేసినాను."

నారాయణమూర్తి తల పట్టుకున్నాడు. పద్మకుమారి కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. అది అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫొటో. ఆకాశంలో ఏమీ లేనట్టు కనిపించే చిటికెడు జాగా వైపు పది రోజులు గురిపెడితే ఇవి బయటపడ్డాయి. ఒక్కో చుక్కా కోట్ల కొద్దీ నక్షత్రాలున్న గెలాక్సీ. మరీ మసకవాటి వెలుగు భూమి పుట్టకముందే బయల్దేరి ఇప్పటికి మన దాకా వచ్చింది.

"మరవి ఇప్పుడున్నాయేటి?"

"ఇప్పుడెలా ఉన్నాయో ఎవరికీ తెలీదమ్మా. మనం చూసేది అప్పటి వెలుగే."

అమ్మణ్ణి తలాడించింది. ఆశ్చర్యపోవాల్సిన మాటేనని ఆమెకు తెలుసు. ఆశ్చర్యం రాలేదు.

మర్నాడు కొత్త ప్రింటు వేశారు. దీని మీద నిజం దుమ్ము కూడా ఉంటుంది, ఏది ఏదో చెప్పమని ఆమె పద్మకుమారిని అడిగింది. పద్మకుమారి భూతద్దం పట్టుకుని చాలాసేపు వెతికి, తనకూ తెలియడం లేదంది.

"అలగైతే ఏటీ ముట్టుకోను. ఇలగే ఉంచెయ్యండి."

నారాయణమూర్తి గొణుక్కుంటూనే ఫ్రేము కట్టించాడు.

పద్మకుమారి మరీ మరీ రమ్మనడంతో అమ్మణ్ణి ఆదివారం ఎగ్జిబిషన్‌కి వెళ్లి వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక, మొదటి ప్రింటులో తను చెరపడం మొదలుపెట్టిన మూల వైపు చూసింది. మసక చుక్కలు ఉన్నాయి. ఆదిబాబు పేరు నోటి దాకా వచ్చింది. వెనకవాళ్లు హిందీలో జరగమంటే జరిగి, బయటికొచ్చి ఆటో ఎక్కింది.

కొన్నేళ్లకు ల్యాబులోకి కంప్యూటర్లు వచ్చి కుంచెపని పోయింది. నారాయణమూర్తి ఆమెను పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే చోట కూర్చోబెట్టాడు. కత్తిరించే ముందు ఆమె ఒక్కో మొహాన్నీ ఒకసారి చూసేది.