మగ్గం వెనక ఒక కామా

నిన్న హన్మకొండలో ఒక సందు దాటుతుంటే, రంగులో ముంచిన నూలు ఆరుతున్న వాసన తగిలి ఆగిపోయాను. డెబ్బైల చివర వరంగల్లులో మా ఇల్లంతా అదే వాసన. ముందు గదంతా మగ్గమే. బాపు దాని మీద నేల మీద పరిచే జంపఖానాలు నేస్తుంటే, అమ్మ గడప దగ్గర కూర్చొని నూలు చుట్టి అందించేది. వాడకట్టు పిల్లలతో అరుగు మీద అష్టాచెమ్మ ఆడుతూ నేను ఆ చప్పుడు వింటూనే పెరిగాను. బతుకమ్మ పండుగకు అమ్మ తంగేడు పూలు పేర్చి, నువ్వుల సద్ది కలిపి, మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, వానాకాలంలో, అమ్మ పచ్చకామెర్లతో దవాఖానలో చనిపోయింది. బాపు కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. చూడవచ్చినవాళ్ళు "రాయి లెక్క కూసున్నడు" అని చెవులు కొరుక్కున్నారు. నాకూ ఏడుపు రాలేదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చాను. మగ్గం ఆగి ఉంది. దాని వెనక బాపు, అమ్మ చివరిసారి చుట్టిన నూలు ఒళ్ళో పెట్టుకొని, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నన్ను చూసి గబగబా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

చెప్పనని తలూపాను.

ఆ రోజుల్లోనే మా ఇంగ్లీషు టీచరు ఎస్తేరమ్మ కామాల పాఠం మొదలుపెట్టింది. క్రిస్మస్‌కు గులాబీ పువ్వుల పిండివంట చేసి క్లాసంతటికీ పంచే ఆమె, కామా దగ్గర మాత్రం కనికరం చూపేది కాదు. బోర్డు మీద 'రవి సా ది డాగ్ రన్నింగ్ హోమ్' అని రాసి, "ఇప్పుడు ఉరికిందెవరు? కుక్క. 'రన్నింగ్' ముందట కామా పెడితే? ఉరికింది రవి. సమజైందా?" అనేది. ఇంత చిన్న గీత ఒకరి పనిని ఇంకొకరికి అంటగట్టగలదని నాకు అప్పుడే తెలిసింది.

అర్ధ సంవత్సర పరీక్షలో 'మరచిపోలేని రోజు' అనే వ్యాసం వచ్చింది. వేరే రోజేదీ నాకు గుర్తు రాలేదు. 'ఐ సా మై ఫాదర్' అని రాసి ఆగాను. మాట ఇచ్చాను కదా. ఆలోచించి ఒక కామా పెట్టి, 'క్రయింగ్ బిహైండ్ ది లూమ్' అని ముగించాను. ఇప్పుడు మగ్గం వెనక ఏడ్చింది నేను.

మార్కుల కార్డు మీద సంతకానికి బాపు బడికి వచ్చాడు. వరండాలో ఎస్తేరమ్మ నా పేపరు ఆయన ముందు పెట్టి, "నీ బిడ్డ మంచిగ రాసిందయ్యా. అమ్మ పోయినంక మగ్గం ఎనక నిలబడి ఏడ్చిందట పాపం" అంది.

బాపు తనకు చదవరాని ఆ కాగితాన్ని దగ్గరికి జరుపుకున్నాడు.

"అది ఏడ్వలేదు టీచరమ్మా. ఆల్లమ్మ పోయిన కాన్నుంచి దాని కండ్లల్ల నీళ్ళే లేవు. ఏడ్చింది నేను. నేనే చెప్పద్దన్న."

ఎస్తేరమ్మ పక్కనే నిలబడ్డ నా ముఖం చూసింది. కామా మీద వేలు పెట్టి, "ఈ గీత ఉంటె నీ బిడ్డ ఏడ్చినట్టు. తీసేస్తె నువ్వు" అంది.

"తీసెయ్ బిడ్డా" అన్నాడు బాపు.

టీచరు ఎర్ర పెన్ను నా చేతికిచ్చింది. కామాను గట్టిగా కొట్టేస్తుంటే కాగితం చిరిగింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. బాపు నా తల తన పొట్టకు అదుముకొని, బడి వరండాలో, అందరూ చూస్తుండగా, నాతోపాటు ఏడ్చాడు.

ఆ బడి ఉన్నచోట ఇప్పుడు బట్టల దుకాణం నడుస్తోంది. మా ఇల్లు కూలగొట్టి ఎవరో మూడంతస్తులు లేపారు. ఎస్తేరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. బాపు పోయాక, వచ్చిన బంధువులు గట్టి మనిషి అని, కంట నీరు ఎరగనివాడని పొగిడారు. నేను కాదనలేదు. ఆయన ఏడవగా చూసినవాళ్ళలో ఆ రోజు ఆ బంధువుల మధ్య ఉన్నది నేనొక్కదాన్నే.