కళ్ళు నవ్వని నవ్వు

కళింగపట్నం బడిలో నేను మూడో తరగతికి పాఠాలు చెప్పే రోజుల్లో, ఎండుచేపలు అమ్మే ఒకావిడ కూతురు నా క్లాసులో ఉండేది. ఆ పిల్ల ఉన్నట్టుండి పకపకా నవ్వేది, అర నిమిషంలో ఆగిపోయేది. ఎందుకు నవ్వావంటే తెలీదనేది. పొగరనుకుని ఒకరోజు ఎండలో నిలబెట్టాను.

మర్నాడు తల్లి వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నా ఆవిడ చూపు కూతురి ముఖం మీదే ఉండేది. నాతోనూ అలాగే మాట్లాడింది.

“అది నవ్వు కాదు మాస్టారూ. నవ్వొస్తే కళ్ళు కూడా నవ్వుతాయి గదేటి. దీని కళ్ళు బెదిరిపోతన్నాయి, సూడండి.”

అంతలో పిల్లకి మళ్ళీ ఆ నవ్వు వచ్చింది. అప్పుడు గాని నేను ఆ కళ్ళు చూడలేదు.

గాలి సోకిందన్న వాళ్ళ మాట వినకుండా ఆవిడ పిల్లని విశాఖ తీసుకెళ్ళింది. స్కానింగులో మెదడు లోపల గడ్డ కనిపించింది. ఆ నవ్వు ఒక రకం మూర్ఛ అని డాక్టరు చెప్పారట. ఆపరేషన్ చేశాక నవ్వు రాలేదు, తెలివీ రాలేదు. పిల్ల అక్కడే పోయింది.

నెల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. “ఆ రోజు పిల్లని ఎండలో…” అని మొదలుపెట్టాను. పూర్తి చెయ్యనివ్వలేదు.

“మీరు నిలబెట్టినారు. నాను కొట్టినాను మాస్టారూ. మా అత్త పోయిన నాడు శవం కాడ నవ్విందని, అందరి ముందరా కొట్టినాను.”

నాకు చాప వేసి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.