అత్తమ్మ కత్తెర పరీక్ష

పక్షవాతం తగ్గాక, ఎడమచేతిలో కాస్త బలహీనత తప్ప అత్తమ్మను మార్కండేయ స్వామి మాకు నిండుగా తిరిగి ఇచ్చాడు. మావారు మాత్రం చెయ్యి కోసుకుంటుందేమోనని ఆమె కత్తెర దాచేశారు. తునికాకు కత్తిరించే కత్తెర అది. బీడీలు చుట్టే మా నీలం నగర్ ఇళ్లలో ఆడవాళ్లకు అది ఆరో వేలు. ఆస్పత్రిలో పెట్టే జ్ఞాపకశక్తి పరీక్ష పాసయితేనే ఇస్తానన్నారు.

మొదటిసారి డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పింది: అద్దం, ఒంటె, గొడుగు, జామపండు, దీపం. కాసేపు వేరే సంగతులు అడిగి, ఆ ఐదూ మళ్లీ చెప్పమంది. అత్తమ్మకు దీపం ఒక్కటే మిగిలింది. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఇంటికొచ్చి చెబితే అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లంతా నవ్వారు. "గింతదానికేనా అత్తా? భజన కట్టుకుందాం పా!" అంది పక్కింటామె. శనివారం భజన బాణీలో ఐదు మాటలూ ఇట్టే ఇమిడాయి. ఆకు కత్తిరించేవాళ్లూ దారం చుట్టేవాళ్లూ పొద్దస్తమానం "అద్దమూ ఒంటే గొడుగూ" అని ఎత్తుకునేవారు. కత్తెర లేని అత్తమ్మ తాళం వేసేది. దేవుడి బాణీలో ఒంటెను ఎక్కించామని నాకు కొంచెం బెదురుగా ఉండేది గానీ, స్వామి నవ్వుకునే ఉంటాడు.

రెండోసారి డాక్టరమ్మ మాటలు మార్చేసింది. కొత్తవి ఐదు చెప్పి, అవీ ఇవీ అడిగి, "ఇప్పుడు ఆ మాటలు చెప్పండి ఆజీ" అంది, అవ్వా అన్నట్టు. అత్తమ్మ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, పోయిన నెల ఒంటెను బాణీతో సహా దించింది.

"అవి పోయినసారివి కదా!"

"అవు బిడ్డా. నెల దినాలు యాదికుంచుకున్న. ఇంకేం గావాలె?"

కాగితం ప్రకారం సున్నా. డాక్టరమ్మకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. తర్వాత మావారితో నెమ్మదిగా అంది: "ఈ పరీక్ష పైపైన చూసేది మాత్రమే. బెదిరితే మార్కులు తగ్గుతాయి, వల్లె వేస్తే పెరుగుతాయి. దీన్నొక్కదాన్నే చూసి కత్తెర సంగతి తేల్చకండి. పక్కన కూర్చుని ఆమె పని చూడండి." ఆ తల్లి చల్లగా ఉండాలని దారంతా మొక్కుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చినా మావారు గునుస్తూనే ఉన్నారు. "సున్నా వచ్చెగదనే అమ్మా. ఎట్లియ్యాలె?"

"నువ్వు గూడ ఆడ్నే ఉంటివి గదరా. గీసారి చెప్పిన ఐదు మాటలు నువ్వు జెప్పు."

"ఏనుగు... సబ్బు..." మావారు ఇంటికప్పు వైపు చూశారు.

"రెండే! అయితే నీ స్కూటర్ చావి ఇటు తే."

అరుగంతా గొల్లున నవ్వింది. తర్వాత నన్నడుగుతుందేమోనని, తడిపిన ఆకులు తెచ్చే వంకతో లోపలికి తప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి కత్తెర అత్తమ్మ ఒళ్లో ఉంది. మావారు పక్కనే పీట వేసుకుని రెప్పవేయకుండా ఆమె చేతులనే చూస్తున్నారు.

"గుడ్లప్పగించి చూడకురా, దిష్టి తగుల్తది."

మొదటి ఆకు వంకరపోయింది. రెండోది కుదిరింది. స్వామికి అక్కడే దండం పెట్టుకున్నాను. స్కూటర్ చావి మాత్రం సాయంత్రం దాకా అత్తమ్మ కొంగుముడిలోనే ఉంది.