రెంగమ్మ గుంటకు పురుగుల మేత

కరోనా గోల సద్దుమణిగిన తరువాతి ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, నన్ను కోవిల్‌పట్టి వైపు వేశారు. తమిళనాట విరుదునగరంలో చేపల మేత తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను ఫీల్డ్ అసిస్టెంటును. పేరు పెద్దదే కానీ వరుసలో కింది మెట్టు. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన మేనేజరు. రైతుకు మేత చేసుకోవడం నేర్పి, దాన్ని చేప తిన్నదో లేదో చూసి పైకి చెప్పడం నా పని. అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఆ ఉద్యోగం మా ఇంటి తెలుగు వల్ల దొరికింది. విళాత్తికుళం దారిలో ఉన్న నల్లరేగడి పల్లెల్లో మన తెలుగువాళ్ల వంటింటి దాకా పోయి మాట్లాడగల ఆడమనిషి వాళ్లకు కావలసి వచ్చింది.

మామూలుగా చేపల మేతలో ఎండుచేపల పొడి కలుపుతారు. దాని ధర చిన్న రైతుకు అందదు. మా కంపెనీ దాని బదులు ఒక నల్ల ఈగ పురుగును తెచ్చింది. ఇది అన్నం మీద వాలే ఈగ కాదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. దీని పిల్ల పురుగులు మొదట తడి తవుడు, తరువాత కూరగాయల చెత్త తిని కొవ్వెక్కుతాయి. వాటిని వేడినీళ్లలో ముంచి, ఎండబెట్టి, పొడికొట్టాలి. ఆ పొడిలో వేరుశనగ చెక్క, తవుడు, చేప ఒంటికి మంచిదని మునగాకు పొడి, కాస్త వెల్లుల్లి కలిపి, మురుకుల గొట్టంలో వత్తి ఆరబెడితే మేత తయారు.

నాకు అప్పగించిన మొదటి ఇల్లు రెంగమ్మది. భర్త శివకాశిలో అచ్చు పనికి వ్యానులో పోయి వస్తాడు. చేలో తవ్వించిన చేపల గుంటను చూసుకునేది ఆమే. సరైన మేత లేక ముందటి ఏడు చేప ఎదగలేదు. గుంట పూడ్చి మిరప వేద్దామని మరిది చిన్నప్ప పట్టుబట్టాడు. చివరికి ఇంట్లో ఒక మాట అనుకున్నారు. కొత్త మేతతో చేప తేరుకుంటే గుంట ఉంటుంది, లేకపోతే దీపావళి వానలకు ముందే మట్టి వేసేస్తారు.

పురుగులు పెంచే తొట్లు దించిన రోజే చిన్నప్ప ఎగతాళి మొదలుపెట్టాడు.

"ఏం వదినా, ఇంట్లో పురుగు పడితే ఊరు నవ్వుతాది. నువ్వు తొట్టి పెట్టి సాకుతాండావే!"

"నీ మిరపచేలో నువ్వు సాకే పురుగు కంటే ఇది మేలే చిన్నప్పా. ఇది చేపకైనా ఆకలి తీరుస్తాది" అంది రెంగమ్మ.

మొదటి విడత పురుగులు బాగానే వచ్చాయి కానీ, మేతకు చాలినన్ని లేవు. రెండో విడతలో చెడింది. పురుగులు తవుడు ముట్టలేదు. దారప్పోగుల్లా సన్నబడి తొట్టి గోడలెక్కాయి. సూపర్‌వైజరు ఫోనులో ఒక్కొక్కటే అడిగి చూడమన్నారు. తడి ఎక్కువైందా? పిడికిట పట్టి పిండితే నీళ్లు కారకూడదు, కారలేదు. వేడా? నీడకు జరిపి తడి గోనె కప్పాం. చెత్తలో ఉప్పు, నూనె ఏమైనా కలిసిందా? లేదు. అయినా పురుగులు చస్తూనే ఉన్నాయి. చిన్నప్ప మట్టి తోలే బండివాడితో మాట్లాడి వచ్చాడని తెలిసింది.

"బండి వచ్చినాక చూస్తాంలేక్కా. మళ్లీ పెడతాం" అని రెంగమ్మ చీర చెరగు దోపుకుంది.

మళ్లీ తవుడు తడపడానికి కూర్చున్నాం. రెంగమ్మ అత్త గురవవ్వ చేటలో ఏదో పట్టుకుని వచ్చి, మమ్మల్ని దాటుకుని పోయి, నేను కంపెనీ నుంచి తెచ్చి మూలన పెట్టిన తవుడు మూట విప్పింది.

"అవ్వా, అదేంది?" అన్నాను.

"యాపాకమ్మే. సజ్జలకు కలపమా, కందులకు కలపమా? ఊరుగాని ఊరినించి మోసుకొస్తివి, పుచ్చిపోతే పాపం కదాని దినమూ పిడికెడు నలిపి కలుపుతాండా."

రెంగమ్మ నా ముఖం చూసింది. తరువాత కూర్చున్నచోటే వంగిపోయి కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది.

"అత్తా, మేము సాకేదే పురుగు కదా!"

"అది తొట్టిలో పురుగు. మూటలో ఎందుకు పడల్ల?" అంది గురవవ్వ, ఏమాత్రం తగ్గకుండా.

ఆమె మాటలో తప్పేమీ లేదు. మూటలో తవుడే తొట్టిలోకి పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూపర్‌వైజరుకు చెబితే, వేపచేదు తగిలితే పురుగు తినడం మానేస్తుంది, తొట్లు కడిగి కొత్తగా మొదలుపెట్టండి అన్నారు. ఆ మధ్యాహ్నమే తొట్లు వేడినీళ్లతో తోమి ఎండలో బోర్లించాం. మరునాడు నేను విరుదునగరం పోయి కొత్త తవుడు, చిల్లుల డబ్బాలో పిల్ల పురుగులు తీసుకుని బస్సెక్కాను. సాత్తూరు దాటాక డబ్బాలో ఏముందని కండక్టరు అడిగాడు. చేపల మేత అన్నాను. కదులుతోందే అని వెనక్కి జరిగాడు.

ఈసారి తవుడు కాపలా గురవవ్వకే అప్పగించాం. "పుట్టినప్పటినించి పురుగును తోలిన చెయ్యి ఇది. ఇప్పుడు ఉగ్గు పెట్టమంటారు" అని గొణుగుతూనే రోజూ తొట్టిలో వేలు పెట్టి తడి చూసేది. పురుగులు ఎదిగేదాకా చేపలకు నానబెట్టిన చెక్క, తవుడు, మునగాకు వేసి నెట్టుకొచ్చాం. రెంగమ్మ ఒక్క పూట కూడా మాననివ్వలేదు.

ఈసారి పురుగులు కొవ్వెక్కాయి, ఎండబెట్టి పొడికొట్టి మేత వత్తాం. కొత్త మేతను మొదట పళ్లెంలో పెట్టి తాడుతో నీళ్లలోకి దించుతారు. కాసేపయ్యాక పైకి లాగితే ఎంత మిగిలిందో తెలుస్తుంది. చిన్నప్ప తానే లాగుతానన్నాడు. లాగి, పళ్లెం అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున నీళ్లు తప్ప ఏమీ లేవు.

"ఇంకొంచెం వెయ్యి వదినా" అన్నాడు.

ఆ ఏడు గుంటలోని కట్ల చేప మరీ బరువు రాలేదు కానీ, గుంట పూడ్చే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. నేను పని మానేదాకా చాలా ఇళ్లకు తొట్లు ఇచ్చాను. ఇచ్చే ముందు గింజలు ఎలా దాచుకుంటారో ఆ ఇంటి పెద్దామెను అడిగేదాన్ని. ఆమె చెప్పింది విన్నాకే తొట్టి దించేదాన్ని.