డ్రోనుకు ముఖం చాటేసిన మనిషి

మా ఆయన పెన్నేట్లో చిక్కుకున్నాడన్న కబురు బడిలో ఉండగా వచ్చింది. ప్రొద్దుటూరులో పిల్లలకు భాగహారం చెబుతున్నాను. మా పక్క చేను ఆయన ఫోన్ చేసి, "అమ్మా, భయపడాకమ్మా" అన్నాడు. అలా మొదలైన ఫోన్లు మంచి కబురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మిగతా మాటలు సగమే చెవిలో పడ్డాయి. సుద్దముక్క చేతిలో అలాగే పట్టుకుని ఆటో ఎక్కాను.

పైన డ్యాం గేట్లు ఎత్తుతున్నారని, ఏట్లోకి ఎవరూ దిగవద్దని ముందురోజే ఊళ్లో దండోరా వేశారు. మా ఆయన దృష్టిలో దండోరా ఎప్పుడూ వేరేవాళ్ల కోసమే వేస్తారు. ఏటి ఇసుకలో మా బోరు మోటారు ఉంది. అది కొట్టుకుపోతుందని, విప్పుకొని వస్తానని పొద్దున్నే వెళ్లాడు. ఏటి పక్కన సేద్యం చేసేవాళ్లు ఏటేటా చేసే పనే కాబట్టి నేనూ అడ్డం చెప్పలేదు. ఆయన మోటారు విప్పేలోగా రెండు పక్కలా నీళ్లు తిరిగాయి. మధ్యలో కంపచెట్లు మొలిచిన ఇసుకదిబ్బ మీద ఆయనొక్కడే మిగిలిపోయాడు. చొక్కా, అందులో ఫోన్ గట్టు మీద ఉన్నాయి.

నేను వెళ్లేసరికి గట్టంతా జనం. ఏరు మామూలుగా మా ఊళ్లో ఇసుకే. దాటేటప్పుడు చెప్పులు చేతబట్టుకుంటాం, అంతే. ఆ రోజు ఎర్రటి నీళ్లు ఈ దరి నుంచి ఆ దరి దాకా పరుగెడుతున్నాయి. కంపచెట్ల తలలు కనిపిస్తున్నాయి గానీ మనిషి కనిపించడం లేదు. అరిస్తే నా గొంతు నాకే వినపడలేదు.

వీఆర్వో నా దగ్గరికి వచ్చాడు. "పైన ఇంకా గేట్లు ఎత్తుతారంటమ్మా. ఫైరాఫీసు పడవ దోవలో ఉంది. అదొచ్చేదాకా ఆయన దిబ్బ మీద ఎత్తుగా ఉండే పక్క నిలబడుకుంటే చాలు. పల్లం పక్కకు మాత్రం పోగూడదు" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎలా చేరవేయాలో ఎవరికీ తెలియదు.

అప్పుడే జమ్మలమడుగు నుంచి పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఆయన డ్రోను పట్టుకుని వచ్చాడు. వీఆర్వోనే పిలిపించాడట. అది జుయ్యిమని లేచి నీళ్ల మీదుగా పోయింది. ఆయన చేతిలోని చిన్న తెర మీద దిబ్బ కనిపించింది. కంపచెట్ల పక్కన గోచీ బిగించుకుని నిలబడ్డ మా ఆయన కనిపించాడు. బతికున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆ ఏడుపు పూర్తి కానేలేదు. డ్రోను దగ్గరికి పోగానే మా ఆయన తలెత్తి చూశాడు. చూసి, భుజం మీది తువ్వాల తల మీదికి లాక్కున్నాడు. ముఖమంతా కప్పుకుని కంపచెట్ల కిందికి దూరాడు.

"ఇదేందమ్మా, ఈ మనిషి దాంకుంటాండాడు?" అన్నాడు వీడియో ఆయన. డ్రోనును అటువైపు నుంచి తిప్పాడు. మా ఆయన ఇటువైపు జరిగాడు. ఇటు తిప్పితే వెనక్కి వెనక్కి నడిచాడు. వెనకంతా పల్లం. మూడోసారి చూసేసరికి ఆయన మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాడు, తువ్వాల మాత్రం వదల్లేదు. కాపాడడానికి పోయిన యంత్రమే ఆయన్ను ఏట్లోకి తోస్తోంది.

"ఆపప్పా! వెనక్కి తీస్కో!" అని అరిచి వీడియో ఆయన చెయ్యి పట్టుకున్నాను. డ్రోను దిబ్బను వదిలి పైపైకి లేచింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఎండాకాలంలో ఇదే ఏట్లో, ఇవే కంపచెట్ల నీడలో మా ఆయనా ఇంకో నలుగురూ పేకాట ఆడుతుంటే నెత్తి మీదికి పోలీసుల డ్రోను వచ్చింది. పంచెలు ఎగ్గట్టి వీళ్లు పరుగెత్తిన వీడియో జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది. ముందు పరుగెత్తేది ఎవరో మా బళ్లో టీచర్లు కూడా గుర్తుపట్టారు. అప్పటి నుంచి ఆకాశంలో జుయ్యిమన్నదేదైనా మా ఊరి మగవాళ్లకు పోలీసే.

"అది పోలీసోళ్లది కాదని ఆయనకు తెలియల్ల. లేకుంటే ఏట్లో పోతాడు" అన్నాను వీఆర్వోతో.

దువ్వూరు వైపు నుంచి ఒక పొదుపు సంఘం ఆమె మా పక్క వరిమళ్లకు డ్రోనుతో మందు కొట్టడానికి వచ్చి ఉంది. ఆమె డ్రోను పెద్దది, మందు డబ్బానే మోస్తుంది. ఆమె మారుమాట్లాడకుండా డబ్బా ఊడదీసి తాడు కట్టింది. మా ఆయన ఫోనును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆయన చొక్కాలోనే మూట కట్టాను. ముడి పడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎత్తు పక్కనే వెయ్యమ్మా. దీనికోసమన్నా పైకి ఎక్కుతాడు" అన్నాను. ఆమె సరిగ్గా అక్కడే మూట జారవిడిచి, వెంటనే డ్రోనును వెనక్కి తెచ్చేసింది.

నేను ఫోన్ చేశాను. మోగింది. ఎంతసేపటికీ ఎత్తలేదు. ఆగిపోతే మళ్లీ చేశాను. పైనున్న చిన్న డ్రోను తెరలో కంపచెట్లు తప్ప ఏమీ కదలడం లేదు. ఆయన నీళ్లలోనే ఉన్నాడా, ఉన్నాడా అసలు అనుకున్నాను. దేవుళ్ల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు.

చివరికి ఎత్తాడు. "ఎవురు సార్?"

"సార్ కాదు, నేను."

"నువ్వేందికొచ్చినావు మే? ఈపొద్దు బడి లేదా?"

నేను మేనమామను చేసుకున్నదాన్ని. పెళ్లయినా పిలుపు మారలేదు. "మామా, ఆడనే నిలబడు. కిందికి దిగాకు. పైన ఇంకా గేట్లు ఎత్తుతాండారు. పడవ వస్తాంది. ఆ డ్రోను నిన్ను ఎతికేదానికి వచ్చింది."

"ఇంకా ఎత్తుతాండారా?" ఆయన గొంతు మారింది. "నీళ్లు తగ్గుతాయిలే, నడిచొస్తాంలే అనుకుంటి."

"డ్రోనును చూసి నీళ్లలోకి ఏంటికి పోయినావు? సచ్చిపోతావని తెలీదా?"

"దండోరా యేసినా దిగినోళ్లను వీడియో తీస్తాండారనుకుంటి మే. మళ్లా ఫోన్లలో యేస్తే మీ బళ్లో మళ్లా నగుతారు. పోయిన తూరి నువ్వు క్యారియరు తెరవకుండానే ఇంటికి తెచ్చినావు గదా."

ఆ రోజు నేను అన్నం తినలేదని ఆయనకు తెలుసని నాకు తెలియదు. మేమిద్దరం ఆ మాటే ఎత్తలేదు. నలుగురు టీచర్లు నవ్వుతారని ఈ మనిషి మోకాళ్ల దాకా ఏట్లో దిగాడు. నడుం దాకా కూడా దిగేవాడు. ఫోన్ పెట్టేయడానికి భయమేసి, పడవ వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. మధ్యలో తెర మీద చూస్తే ఇందాక ఆయన నిలబడ్డ పల్లం కనిపించలేదు. అంతా ఎర్రనీళ్లే.

పడవ ఆయన్ను తెచ్చేసరికి గట్టు మీద వాళ్లంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆయన పడవలోనే తువ్వాలను ముఖం మీదికి లాక్కున్నాడు. నేను నీళ్ల అంచుదాకా దిగి దాన్ని గుంజేశాను.

"తీస్కోనీ మామా. బతికుండావని అందరూ చూడల్ల."